నగను తియ్యమంటే కిటికీని తీశావే!

పెళ్లిలో ధగధగా మెరిసిన హారం సెల్‌ఫోన్‌ ఫొటోలో తెల్లటి మచ్చలా పడుతుంది. ఉంగరాన్ని దగ్గరగా తీస్తే అందులో మన మొహం, వెనకున్న కిటికీ, పైనున్న ట్యూబ్‌లైటు... అన్నీ కనిపిస్తాయి, ఒక్క ఉంగరం తప్ప! ఖరీదైన కెమెరా కొన్నా ఇదే తంతు. మరి నగల దుకాణాల ప్రకటనల్లో అంత చక్కగా ఎలా వస్తాయి? ఆ కిటుకు తెలిస్తే పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఓ వసారా, ఓ తెల్ల పంచె, నాలుగు అట్టముక్కలు చాలు.

దేవరాపల్లిలో మా మేనత్త ఉంటుంది. చోడవరం దాటి వెళితే దారి పొడవునా చెరకు తోటలు, శారదా నది, ఆపైన రైవాడ జలాశయం. 2022 ఏప్రిల్‌ దాకా విశాఖపట్నం జిల్లా, అప్పట్నుంచీ అనకాపల్లి జిల్లా. జిల్లా మారినా మా అత్త ఇంటి వసారా మారలేదు. అందులో నాయనమ్మ కూర్చునే చోటూ మారలేదు. నాయనమ్మే లేదు.

ఆమె పోయాక మిగిలినవి మూడు వస్తువులు. ఓ గుండ్లపేరు, కెంపుల కమ్మలు, రవ్వంత ముక్కుపుడక. అత్త మనవరాలికి పెళ్లి కుదిరింది. ‘‘పాత మోడల్‌ ఎవరు పెట్టుకుంటారు, గుండ్లపేరు కరిగించి గొలుసు చేయిద్దాం’’ అన్నారు ఇంట్లో అందరూ. సోమవారం పొద్దున్నే చోడవరంలోని కంసాలి దగ్గరికి వెళ్లాలి. ఆదివారం నేను దిగాను. అత్త నాకో పని అప్పజెప్పింది. ‘‘రేపటికి ఇది ఉండదు నానా... ఒక మంచి ఫొటో తీసిపెట్టు, సూసుకోడానికుంటాది’’ అంది.

అదెంతపని అనుకున్నా. గుండ్లపేరును మంచం మీది దుప్పటి మీద పెట్టి ఫ్లాష్‌ వేసి తీశా. మధ్యలో తెల్లటి పేలుడు, చుట్టూ చీకటి. ఫ్లాష్‌ తీసేసి కిటికీ దగ్గర తీశా. ఈసారి వెలుగు బాగానే ఉంది. అత్త కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌లోకి తేరిపార చూసింది.

‘‘ఏట్రా ఇది? నగను తియ్యమంటే కిటికీని తీసీసినావు!’’

నిజమే. పద్ధెనిమిది గుండ్లలో పద్ధెనిమిది కిటికీలు. ఒక్కో కిటికీలో ఊచలు కూడా లెక్కపెట్టొచ్చు. ప్రతి కిటికీ పక్కనా ఫోన్‌ పట్టుకుని వంగిన నేనూ!

అది నగ కాదు... అద్దం!

ఇక్కడే ఉంది అసలు సంగతి. చొక్కానో, చెక్క బల్లనో, మనిషి మొహాన్నో ఫొటో తీసేటప్పుడు వాటిమీద పడిన వెలుగు అన్ని వైపులకూ చెదురుతుంది. ఎటునుంచి చూసినా ఆ వస్తువు రంగే కనిపిస్తుంది. మెరుగుపెట్టిన బంగారం అలా కాదు. అది దాదాపు అద్దంలా ప్రవర్తిస్తుంది. వెలుగు ఏ కోణంలో వచ్చి తగిలితే అదే కోణంలో అటువైపు పోతుంది. హైస్కూల్లో చదువుకున్న పాఠమే. పతనకోణం, పరావర్తన కోణం సమానం.

అంటే బంగారు నగను ఫొటో తీస్తున్నామని మనం అనుకుంటాం. నిజానికి తీసేది దాని చుట్టూ ఉన్న గదిని. గదిలో పచ్చరంగు గోడ ఉంటే బంగారంలో పచ్చదనం కలుస్తుంది. ఎర్ర చొక్కా వేసుకుని తీస్తే నగ ఎర్రబారుతుంది. చుట్టూ చీకటిగా ఉండి ఒక్క బల్బు వెలుగుతుంటే నగ నల్లగా, బల్బు మాత్రం తెల్లటి చుక్కగా పడతాయి.

చదునైన అద్దమైతే కొంచెం పక్కకు వంచి తప్పించుకోవచ్చు. గుండు ముందు ఆ ఆట సాగదు. దాని గుండ్రటి ఒంటి మీద ఏదో ఒక చోట గదిలోని ప్రతి వస్తువుకీ సరిపోయే కోణం దొరుకుతుంది. అందుకే చిన్న గుండులో గది మొత్తం ఇమిడిపోతుంది. ఉంగరాలు, గాజులు, గుండ్లు, బుట్టల జూకాలు... మన నగల్లో గుండ్రనివే ఎక్కువ కాబట్టి తిప్పలూ ఎక్కువే.

ప్రతిబింబం లేకుండా చేయలేం. అసలు చేయకూడదు కూడా. మెరుపు తీసేస్తే బంగారం పసుపురంగు ప్లాస్టిక్‌లా ఉంటుంది. మన చేతిలో ఉన్నది ఒక్కటే... నగలో ఏం కనిపించాలో మనమే నిర్ణయించడం. కిటికీకి బదులు శుభ్రమైన తెలుపు కనిపించేలా చూడటం. నగల ఫొటోగ్రాఫర్లు చేసేదంతా ఇదే. వాళ్లు నగ మీద లైటు వేసేది తక్కువ, నగ చుట్టూ ఉన్న తెల్లటి గుడ్డల మీదా కాగితాల మీదా లైటు వేసేది ఎక్కువ.

వసారాలో స్టూడియో

ఆ మధ్యాహ్నం మా అత్త వసారా స్టూడియోగా మారింది. మీరూ ప్రయత్నించొచ్చు.

ముందు నగను శుభ్రం చేయాలి. కంటికి కనిపించని వేలిముద్ర, దుమ్ము, కుంకుమ రేణువు దగ్గరగా తీసిన ఫొటోలో కొండలా కనిపిస్తాయి. ఉత్త బంగారమైతే మన ఇళ్లలో అలవాటైన కుంకుడు రసం చాలు, మెత్తటి బ్రష్‌తో రుద్ది కడిగి ఆరబెట్టాలి. కానీ ముత్యాలనూ పగడాలనూ అందులో ముంచకూడదు. పాతకాలపు బోలు నగల్లో, కుందన్‌ పనిలో లోపల లక్క నింపి ఉంటుంది. వాటిని వేణ్నీళ్లలో వేస్తే లక్క మెత్తబడి రాళ్లు ఊడతాయి. అలాంటివాటిని పొడి మెత్తటి గుడ్డతో తుడిచి ఊరుకోవాలి. తుడిచాక ఒట్టిచేత్తో పట్టుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. గుడ్డతో గానీ, నూలు చేతితొడుగులతో గానీ పట్టుకోవాలి.

తరవాత వెలుగు. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. ట్యూబ్‌లైటుది ఒక రంగు, బల్బుది ఒక రంగు, కిటికీ వెలుగుది ఇంకో రంగు. మూడూ కలిస్తే మేలిమి బంగారం కూడా రోల్డ్‌గోల్డ్‌లా కనిపిస్తుంది. ఎండ నేరుగా పడని వసారాగానీ ఉత్తరం వైపు కిటికీగానీ చాలు. మబ్బు పట్టిన రోజైతే మరీ మంచిది, ఆకాశమంతా ఒకే పెద్ద లైటు!

ఇప్పుడు పంచె. పల్చటి తెల్లటి మల్లు పంచెను రెండు కుర్చీల వీపుల మధ్య బిగువుగా కట్టండి. దాని కింద చిన్న పీట, పీట మీద నగ. పైనుంచీ పక్కనుంచీ వచ్చే వెలుగు పంచె గుండా వడగట్టుకుని మెత్తగా దిగుతుంది. నగకు ఇప్పుడు కనిపించేది కిటికీ కాదు, తెల్లటి పందిరి. పంచె లేకపోతే ట్రేసింగ్‌ పేపరో, బటర్‌ పేపరో వాడొచ్చు. ఒక్క షరతు, తెర నగకు దగ్గరగా ఉండాలి. జానెడు దూరంలో ఉన్న పంచె నగకు ఆకాశమంత. అదే పంచె పది అడుగుల దూరంలో ఉంటే ఓ తెల్లటి ముక్క. వెలుగు మెత్తగా రావాలంటే దాని మూలం నగకు పెద్దదిగా కనిపించాలి.

పంచెకు ఎదురుగా, నీడ పడే వైపున థర్మోకోల్‌ ముక్కో తెల్లటి చార్టో నిలబెడితే అటువైపు చీకటి తగ్గుతుంది. నగ చుట్టూ మిగిలిన ఖాళీల్లోనూ తెల్ల అట్టలు పెట్టుకుంటూ పోవాలి. చివరికి నగ ఓ తెల్లటి గుడారంలో కూర్చున్నట్టు అవుతుంది. బజారులో ఇలాంటి రెడీమేడ్‌ గుడారాలూ, లోపలే లైట్లున్న డబ్బాలూ దొరుకుతాయి. సూత్రం మాత్రం ఇదే.

అన్నీ అయ్యాక కూడా గుండ్లలో ఓ నల్లటి మచ్చ మిగిలింది. అదేంటా అని చూస్తే... నేనే! నా తలా, చేతిలోని ఫోనూ. దీనికీ ఓ ఉపాయం ఉంది. పెద్ద తెల్ల అట్టకు మధ్యలో కెమెరా కన్ను పట్టేంత చిల్లు పెట్టి, దాని వెనక నుంచి ఫొటో తీయాలి. నగకు అప్పుడు మనిషి కనిపించడు, అట్టే కనిపిస్తుంది. మిగిలేది లెన్సంత చిన్న చుక్క. నగను రవ్వంత పక్కకు తిప్పితే ఆ చుక్క ఏ నగిషీ మడతలోనో దాక్కుంటుంది.

నలుపు కూడా కావాలి

ఇంత కష్టపడ్డాక వచ్చిన ఫొటో చూసి నేను మురిసిపోయాను. అత్త మాత్రం పెదవి విరిచింది. ‘‘బాగుంది గానీ... పిండిబొమ్మలాగుంది’’ అంది. కిటికీలు పోయాయి, వాటితోపాటు గుండ్ల గుండ్రతనమూ పోయింది!

ఇది కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ చేసే తప్పే. అన్ని వైపులా తెలుపే ఉంటే లోహం చదునుగా, జీవం లేకుండా కనిపిస్తుంది. ముఖ్యంగా వెండి. తెల్ల గుడారంలో తెల్లటి నేపథ్యం మీద పెడితే వెండి పట్టీలు కాగితం మీద పెన్సిలు గీతల్లా మిగులుతాయి. వస్తువు అంచు ఎక్కడుందో కంటికి తెలియాలంటే తెలుపు పక్కన నలుపు ఉండాలి. అందుకే నల్ల చార్టును వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి నగకు అటూ ఇటూ, ఫొటోలో పడనంత దూరంలో నిలబెట్టాలి. నగలో సన్నటి నల్లగీతలు పడతాయి. అవే అంచుల్ని గీసిపెడతాయి. కాటుక పెట్టాక కళ్లు తేటపడినట్టు నగకు ఒక్కసారిగా ఆకారం వస్తుంది.

నేపథ్యం విషయానికొస్తే మెరిసే పట్టుబట్ట, గాజు బల్ల, స్టీలు పళ్లెం వద్దు. అవి తమ మెరుపును నగలోకి పంపుతాయి. నల్ల వెల్వెట్‌ అందంగా ఉంటుంది గానీ దుమ్మును అయస్కాంతంలా పట్టేస్తుంది. పిల్లల పలక ఉంటే వాడి చూడండి. మెరుపులేని ఆ నలుపు మీద బంగారం భలే పండుతుంది. ఉంగరాన్నో కమ్మనో నిలబెట్టాలంటే వెనక బఠాణీ గింజంత మైనం అంటిస్తే సరి, పని అయ్యాక తుడిచేయొచ్చు.

రాయికి ఒకలా... ముత్యానికి ఒకలా

మెత్తటి వెలుగు బంగారానికి వరం. వజ్రానికి మాత్రం శాపం! వజ్రం వెలుగును లోపలికి తీసుకుని బలంగా వంచుతుంది. దాని వక్రీభవన గుణకం 2.42. లోపలికి వెళ్లిన కాంతి సుమారు 24 డిగ్రీల కన్నా ఏటవాలుగా ముఖానికి తగిలితే బయటికి రాలేక లోపలే వెనక్కి మళ్లుతుంది. అలా మళ్లీ మళ్లీ తిరిగి పైకి వస్తుంది. ఆ తళుకంతా దానివల్లే. అయితే తళుకు కనబడాలంటే చుట్టూ కొంత చీకటి, ఎక్కడో ఒక చిన్న గట్టి వెలుగు ఉండాలి. అంతా తెలుపే అయితే వజ్రం గాజుముక్కలా మూగబోతుంది. అందుకని బంగారం కోసం పంచె వెలుగు ఉంచి, రాయి కోసం చిన్న టార్చిని దూరం నుంచి ఏటవాలుగా వేయాలి. టార్చిని కొద్దికొద్దిగా కదుపుతూ రాయి ‘పలికిన’ చోట ఆపి క్లిక్‌మనిపించాలి.

కెంపులూ పచ్చలూ రంగు చూపించాలి కాబట్టి వాటికి మెత్తటి వెలుగే మేలు. ముత్యానికి పక్కనుంచి వచ్చే ఒకే ఒక పెద్ద వెలుగు చాలు. ఒక వైపు మెరుపు, మరోవైపు మెల్లగా నీడ ఉంటేనే ముత్యం గుండ్రంగా ఉన్నట్టు తెలుస్తుంది. రెండు వైపుల నుంచీ లైట్లు వేస్తే ఒక్కో ముత్యంలో రెండేసి చుక్కలు పడి పాము కళ్లలా ఉంటుంది.

కొందరు ‘పోలరైజర్‌ ఫిల్టర్‌ కొంటే సరిపోతుంది కదా’ అంటారు. నీళ్ల మీదా, గాజు మీదా, మెరుగు పెట్టిన రాళ్ల మీదా పడే మెరుపును ఆ ఫిల్టర్‌ తగ్గిస్తుంది. లోహం మీద మెరుపు ముందు మాత్రం ఒంటరిగా దాని పప్పులుడకవు. లైటుకూ ఓ పోలరైజింగ్‌ ఫిల్ము తొడిగి, కెమెరాకు ఉన్న ఫిల్టర్‌ను దానికి అడ్డంగా తిప్పితే అప్పుడు లోహం మెరుపూ మాయమవుతుంది. నాణేల మీది అక్షరాలు, పాత నగల మీది గీతలు చదవడానికి ఈ పద్ధతి పనికొస్తుంది. అందం కోసం తీసే ఫొటోకు వద్దు. మెరుపంతా పోయిన బంగారాన్ని ఎవరు చూస్తారు!

కెమెరా చేయాల్సింది కొంచెమే

వెలుగు కుదిరాక కెమెరా పని సులువు. ఫోన్‌తో తీసేవాళ్లు నగకు మరీ ఆనుకుని పోకూడదు. దగ్గరకెళ్లే కొద్దీ ఫోన్‌ నీడ పడుతుంది, ఆకారం వంకర పోతుంది. కొంచెం వెనక్కి జరిగి రెండు రెట్లు జూమ్‌ చేసి తీయడం మంచిది. తెర మీద నగ ఉన్నచోట వేలితో అదిమిపట్టి ఫోకస్‌ను స్థిరం చేసుకోండి. పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కాస్త కిందికి జరిపితే తెల్లబోయిన చోట్ల వివరం తిరిగి కనిపిస్తుంది. ఫొటోలో తెల్లగా కాలిపోయిన చోటును తరవాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. కాస్త చీకటిగా వస్తే మాత్రం సరిచేయొచ్చు.

అయితే ఓ మెలిక ఉంది. కెమెరా తన ముందున్నదంతా సగటున బూడిదరంగు అనుకుంటుంది. తెల్లకాగితం మీద నగ పెడితే ‘అబ్బో, వెలుగెక్కువ’ అని తగ్గించేస్తుంది, కాగితం మాసిన బట్టలా వస్తుంది. అప్పుడు వెలుగు కొంచెం పెంచాలి. నల్ల పలక మీదైతే సరిగ్గా తిరగేసి చేయాలి.

పెద్ద కెమెరా ఉన్నవాళ్లకు ఇంకో ఇబ్బంది. మాక్రో లెన్సుతో దగ్గరగా తీస్తే ఉంగరం ముందుభాగం స్పష్టంగా, వెనకభాగం మసకగా పడుతుంది. ఎపర్చర్‌ను ఎఫ్‌11 నుంచి ఎఫ్‌16 మధ్య పెట్టాలి. ఇంకా మూసేస్తే ఫొటో మొత్తం కొద్దిగా మెత్తబడిపోతుంది. స్టూడియోల్లో అయితే ఫోకస్‌ను కొంచెం కొంచెం జరుపుతూ చాలా ఫొటోలు తీసి కంప్యూటర్‌లో ఒకటిగా కలుపుతారు. కెమెరా ఏదైనా కదలకూడదు. ట్రైపాడ్‌ లేకపోతే పుస్తకాల దొంతర మీద ఆనించి, రెండు సెకన్ల టైమర్‌ పెట్టి వదిలేయండి.

నిజాం నగల్ని చూసిందీ ఫొటోల్లోనే

‘ఇంత హంగామా ఎందుకు, నగ బీరువాలో ఉంటే చాలదా’ అనుకోవచ్చు. మన తెలుగువాళ్లకు తెలిసిన అతిపెద్ద నగల పెట్టె సంగతే చూడండి. నిజాం ఆభరణాల్ని భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొంది. మొత్తం 173 వస్తువులు. వాటిలో పేరుపడ్డది 184.75 క్యారెట్ల జాకబ్‌ వజ్రం. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌కు దాన్ని అమ్మజూపిన వ్యాపారి జాకబ్‌ పేరు మీదే వజ్రానికి ఆ పేరొచ్చింది. తండ్రి పోయాక ఏడో నిజాం ఉస్మాన్‌ అలీఖాన్‌కు అది ఓ చెప్పు కొసలో దొరికిందనీ, ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా వాడారనీ చెబుతారు.

ఆ నగలు ఉండేది రిజర్వుబ్యాంకు ఖజానాలో. 2001లో, 2006లో హైదరాబాద్‌ సాలార్‌జంగ్‌ మ్యూజియంలో, 2019లో దిల్లీ నేషనల్‌ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం బారులు తీరారు. చూడగలిగింది మాత్రం కొందరే. మిగతా అందరికీ ఆ నగలంటే ఫొటోలే. 2001లో ఉషా బాలకృష్ణన్‌ రాసిన ‘జ్యుయెల్స్‌ ఆఫ్‌ ది నిజామ్స్‌’ పుస్తకానికి భరత్‌ రామామృతం ఫొటోలు తీశారు. ఏడు పేటల ముత్యాల హారమైనా మన ముక్కుపుడకైనా కెమెరా ముందు సమస్య ఒక్కటే... మెరిసేది అద్దం.

అన్నట్టు, తొలితరం ఫొటోల్లో రాజులూ రాణులూ వేసుకున్న బంగారం ఇనుములా నల్లగా కనిపించడం గమనించారా? అప్పటి గాజు పలకల మీది రసాయనాలు నీలి వెలుగును పట్టినట్టు పసుపునూ ఎరుపునూ పట్టలేకపోయేవి. దాంతో పసుపురంగు బంగారం చీకటిగా పడేది. ఆ రోజుల ఫొటోగ్రాఫర్‌తో పోలిస్తే మన చేతిలోని ఫోన్‌ ఎంతో నయం.

చిలకలపూడికి ఇదే బతుకుతెరువు

నగల ఫొటో కొందరికి జ్ఞాపకమైతే, మరికొందరికి అన్నం ముద్ద. మచిలీపట్నం పక్కన చిలకలపూడి పేరు వినగానే గుర్తొచ్చేది రోల్డ్‌గోల్డ్‌. రాగి, ఇత్తడి నగలకు బంగారు పూత వేసి దేశమంతా పంపే ఊరది. ఒకప్పుడు పెట్టెల్లో నమూనాలు సర్దుకుని ఊరూరా తిరిగి చూపించేవారు. ఇప్పుడు నమూనా అంటే వాట్సప్‌లో వచ్చే ఫొటో. ఎక్కడో ఉన్న కొనుగోలుదారు నగను చేత్తో తాకడు, బరువు చూడడు. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తాడు. అందులో అమ్మేవాళ్ల మొహమూ వెనక ఆరేసిన బట్టలూ కనిపిస్తే ముందుకు జరిపేస్తాడు.

ఇంట్లో కూర్చుని నగలు అమ్ముకునే మహిళలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకు ఓ మాట. ఆన్‌లైన్‌ అంగళ్లు ప్రధాన ఫొటోకు చాలావరకు తెల్లటి నేపథ్యమే అడుగుతాయి. పంచె, థర్మోకోల్‌ పద్ధతి దానికి సరిగ్గా సరిపోతుంది. ఫొటోను మరీ దిద్ది పూతనగను మేలిమి బంగారంలా చూపిస్తే మొదటి అమ్మకం అవుతుంది, రెండోది అవదు. నిజమైన రంగు రావాలంటే ముందు ఓ తెల్లకాగితాన్ని నగ పక్కన పెట్టి తీయండి. కాగితం తెల్లగా వచ్చేదాకా సరిచేస్తే నగ రంగూ సరిగ్గా కుదిరినట్టే. చేతిమీదో మెడమీదో పెట్టి తీసిన ఇంకో ఫొటో ఉంటే సైజు తెలుస్తుంది.

దొంగ పడితే... ఫొటోయే సాక్షి

బీరువాలో నగలున్న ప్రతి కుటుంబమూ చేయాల్సిన పని ఒకటుంది. అందం కోసం కాదు, రికార్డు కోసం ఫొటోలు తీసిపెట్టుకోవడం. దొంగతనం జరిగినప్పుడు ‘నాలుగు తులాల గొలుసు’ అని చెబితే అలాంటివి ఊరినిండా ఉంటాయి. సొట్ట, అతుకు, మార్చిన కొక్కెం, ఊడిన రాయి... ఇవే మన నగను పట్టిస్తాయి.

దొరికిన సొత్తు ఏళ్ల తరబడి స్టేషన్‌లోనే ఉండిపోకూడదని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్‌ అంబాలాల్‌ దేశాయ్‌ కేసులో చెప్పింది. బంగారం లాంటి విలువైన వస్తువులకు వివరంగా పంచనామా రాసి, ఫొటోలు తీసి, తగిన పూచీ తీసుకుని సొంతదారుకు అప్పగించవచ్చని, విచారణలో ఆ ఫొటోలు సాక్ష్యంగా ఉపయోగపడతాయని ఆ తీర్పు సారాంశం. అంటే కోర్టులో నగ స్థానంలో నిలబడేది ఫొటో. అందులో నగ బదులు ఫ్లాష్‌ వెలుగు కనిపిస్తే ఎలా?

ఇంటి రికార్డుకు ఒక్కో నగకు నాలుగు ఫొటోలు తీయండి. ముందువైపు, వెనకవైపు, పక్కన స్కేలు పెట్టి ఒకటి, గుర్తుల్ని దగ్గరగా ఒకటి. హాల్‌మార్క్‌ నగలకు బీఐఎస్‌ గుర్తు, స్వచ్ఛత, ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ ఉంటాయి. 22 క్యారెట్లయితే 916 అని కనిపిస్తుంది. 2023 ఏప్రిల్‌ 1 నుంచి దుకాణాలు హాల్‌మార్క్‌ నగల్ని హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. ఆ సంఖ్యను బీఐఎస్‌ కేర్‌ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. అయితే చీమతల కన్నా సన్నటి ఆ అక్షరాలు ఎదురు వెలుగులో కనిపించవు. ఇక్కడ పంచె పక్కన పెట్టి, చిన్న టార్చిని నగకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి వేయాలి. సాయంత్రపు ఏటవాలు ఎండలో చేను గట్లు తేలినట్టు అక్షరాలు పైకి తేలతాయి.

ఫొటోలు ఫోన్‌లో ఒక్కచోటే ఉంచకుండా ఇంకోచోట కూడా దాచుకోండి. ఫోన్‌లో లొకేషన్‌ ఆపేసి తీయడం మంచిది. బీరువాలోని నగల్ని ఇంటి చిరునామాతో సహా ఊరందరికీ చూపించడం ఎందుకు?

సొట్ట కనిపించింది!

దేవరాపల్లి వసారాలో నాలుగున్నరైంది. వెలుగు మెల్లగా పసుపెక్కుతోంది. నల్ల చార్టు పట్టీలు అటొకటి ఇటొకటి నిలబెట్టి, తెల్ల అట్ట చిల్లులోంచి చివరి ఫొటో తీశాను. పలక మీద గుండ్లపేరు. కిటికీల్లేవు, నేను లేను. ఒక్కో గుండు మీదా పైన ఓ మెత్తటి తెలుపు, పక్కన సన్నటి నల్ల గీత.

అత్త ఫోన్‌ తీసుకుంది. వేళ్లతో పెద్దది చేసింది. అటూ ఇటూ జరిపింది. ఎడమవైపు ఐదో గుండు దగ్గర ఆగిపోయింది. అక్కడ చిన్న సొట్ట ఉంది. మెరుపు మాటున దాక్కుని, పొద్దుట్నుంచీ చేత్తో పట్టుకుని తుడిచిన నాక్కూడా కనిపించలేదు.

‘‘ఇది నా పన్ను గాటు’’ అంది అత్త. ‘‘పాలు తాగేటప్పుడు ఇదే నోట్లో ఎట్టుకునేదాన్నట. ఒక రోజు గట్టిగా కొరికీసినానట. మీ నాయనమ్మ దీన్ని బాగుచేయించుకోనేదు. చెయ్యించుకోమంటే ‘ఉండనీ’ అనీది.’’

కాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు. నగ తీసుకెళ్లాలా వద్దా అని నేనడగలేదు. పెళ్లి పెళ్లే, గొలుసు కావాలి. సోమవారం అత్తతో నేనూ చోడవరం వెళ్లాను. కంసాలి తూకం వేస్తుంటే అత్త అటు చూడలేదు. ఫోన్‌లో ఐదో గుండు చూసుకుంటూ కూర్చుంది.

ఇప్పుడా ఫొటో దేవరాపల్లి ఇంట్లో ఫ్రేము కట్టి వసారా గోడకుంది, నాయనమ్మ కూర్చునే చోటుకు పైన. మీ ఇంట్లోనూ కరిగించబోయే నగ ఏదైనా ఉంటే వచ్చే ఆదివారం ఓ గంట దానికి కేటాయించండి. పంచె ఉతికి ఆరేసి ఉంచండి చాలు.